నాలుగో లాకు, డెబ్బై రెండు మెట్లు

జ్యేష్ఠ శుద్ధ తదియ

ఈ రికార్డు ముందు పేజీల్లో రీడింగులుంటాయి. వాటిని ఎవరైనా చూడొచ్చు, మేడం సంతకం పెట్టొచ్చు, కట్ట కమిటీ వాళ్ళు ముద్ర వేయొచ్చు. నేనిప్పుడు రాస్తున్నది వెనక అట్ట వైపు నుంచి. నోటుబుక్కు చివరి పేజీలు విద్యార్థివని మా కాలేజీలో ఒక మర్యాద ఉంది. అక్కడ బొమ్మలేసుకున్నా, ఎవరినైనా తిట్టుకున్నా ఎవరూ తిప్పి చూడరు.

నా పేరు హైమావతి. కట్ట మీది కాలేజీలో ఎలక్ట్రానిక్స్, ఆటోమేషన్ ఆఖరి సంవత్సరం. ఆఖరి ఏడాదిలో ఒక్కొక్కరికి ఒక్కో లాకు అప్పగిస్తారు. ఊరి కాలువ కట్ట దాటి సముద్రంలో కలిసే చోట ఉండే తలుపే లాకు. నాది నాలుగోది. పాటు వచ్చి సముద్రం తగ్గినప్పుడు తలుపు లేచి ఊరి నీళ్ళు బయటికి పోవాలి. పోటు ఎక్కుతూ బయటి నీళ్ళు నూట ఇరవై సెంటీమీటర్లకు చేరగానే తలుపు దిగిపోవాలి. లేపేదీ దించేదీ కంట్రోలరు. పుస్తకంలో దాని పేరు బారెడుంటుంది, ఊళ్ళో మాత్రం అందరూ మేస్త్రి అంటారు.

నా పని చాలా చిన్నది. రోజూ పోటు ఎక్కేటప్పుడు ఒకసారి, పాటు తీసేటప్పుడు ఒకసారి, లాకు గదిలోంచి డెబ్బై రెండు మెట్లు దిగి, నీళ్ళలో నిలబెట్టిన గేజి పలక మీద మట్టం ఎంతుందో కంటితో చూసి, టైముతో సహా రాయాలి. పైకొచ్చి ఆ అంకెను మేస్త్రికి ఇస్తే, ఆ టైముకు తన సెన్సరు ఎంత చూపించిందో దాంతో పోల్చుకుంటాడు. తేడా మూడు సెంటీమీటర్ల లోపుంటే పచ్చ దీపం, మించితే గంట. ముంపు వచ్చిన ఏడాది మేస్త్రులు ఒకరి లెక్క ఒకరు నమ్మి సగం ఊరిని ముంచేశారట. యంత్రానికి యంత్రం సాక్షి కాకూడదని అప్పుడే కాలేజీ గుమ్మం మీద చెక్కించారు. రోజూ ఆ గుమ్మం కింద నుంచే నడుస్తాను.

నేను మెట్లు దిగను. మొదటిరోజు ముప్పయ్యో మెట్టు దాకా వెళ్ళాను. నాచు, చీకటి, కుళ్ళిన చేపల కంపు. వెనక్కి వచ్చేశాను. మా సీనియరు రఫీ నవ్వి, దీనికి ఇంత ప్రయాస ఎందుకని, గదిలో మేస్త్రి అంకెలు చూపించే తెర మీద వెనక్కి జరిపితే పాత అంకెలన్నీ వరసగా కనిపిస్తాయని చూపించాడు. ఏదో ఒక టైము ఎంచుకుని, దాని పక్కనున్న అంకెకు ఒకరోజు ఒకటి కలపాలి, ఒకరోజు రెండు తీసేయాలి. ప్రతిరోజూ అచ్చంగా అదే అంకె వేస్తే దొరికిపోతాం. రీడింగు ఇచ్చేదాకా తెర మీద మూసి ఉంచాలని ఒక రేకు మూత కూడా ఇచ్చారు. ఆ మూత మీద మేం టీ గ్లాసులు పెట్టుకుంటాం.

ఇన్నాళ్ళూ ఇది నాకు తప్పనిపించలేదు. ఇవాళ దేవదానం బాబాయ్ టీ తీసుకొచ్చాడు. ఆయన నాలుగో లాకు లస్కరు. మేస్త్రి మొరాయిస్తే చేతిచక్రం తిప్పి తలుపు దించే మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇక్కడే. పన్నెండేళ్ళ కింద తలుపు బరువు పడి కుడి మోకాలు నుజ్జయింది, మెట్లు దిగలేడు. గ్లాసు నా చేతికిచ్చి అడిగాడు.

"అమ్మాయ్, కాలవ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా తగుల్తున్నాయి. అమాస నించీ చూస్తున్నాను. కింద పలక కాడ మట్టం సరిగ్గానే ఉంటందా?"

"రోజూ చూస్తున్నాను కదా బాబాయ్. సరిగ్గానే ఉంది."

"నువ్వు చూశావంటే ఇంకేముంది. నా నాలికే చచ్చిపోయుంటది."

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. టీ మాత్రం తాగాను. అల్లం బాగా దంచి వేశాడు.

శుద్ధ నవమి

పొద్దున సోలారు పలకల మీద ఉప్పు తుడిచే వంతు నాది. ఇరవై పలకలకు ఒక చెంబుడు మంచినీళ్ళు. గుడ్డ తడిపి, పిండి, మళ్ళీ తడిపి, ఆఖరి పలకకు వచ్చేసరికి చెంబులో బురదే మిగిలింది. ఆ పని మాత్రం ఒళ్ళు దాచుకోకుండా చేస్తాను. పైన అందరికీ కనిపిస్తుంది కాబట్టి కాబోలు.

మధ్యాహ్నం శేషుకుమారి మేడం రెండో సంవత్సరం వాళ్ళను లాబ్‌లో కూర్చోబెట్టి నా రికార్డు చేతులు మార్పించారు. ఉత్తమ రికార్డు అట. రీడింగులు రాస్తే ఇలా రాయాలని, ఎక్కడా కొట్టివేత లేదని, అంకెలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకున్నారు. ఒక పిల్ల పేజీ మీద వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. డెబ్బై రెండు మెట్ల కింద, నీళ్ళ పక్కన నిలబడి రాసిన పుస్తకం మీద ఒక్క తడి మచ్చ కూడా లేదేమని ఎవరూ అడగలేదు. మూలనున్న రఫీ నాకేసి చూసి కళ్ళతో నవ్వాడు. అతనిప్పుడు లాబ్ అసిస్టెంటు. పోయినేడాది ఉత్తమ రికార్డు అతనిదే.

చప్పట్లు కొట్టారు. నేను తల దించుకున్నాను. పిల్లలు దాన్ని వినయం అనుకున్నారు.

శుద్ధ త్రయోదశి

రాజ్యం అత్త ఆకుమడిలో పని జోరుగా ఉందని చెప్పుకుంటున్నారు. ఆవిడ పూర్తి పేరు పుష్పరాజ్యం. కట్ట లోపల పల్లంలో, నాలుగో లాకు కాలువ పక్కన, ఊరంతటికీ ఒకే నారుమడి ఉంది. ఊళ్ళో ఉన్న వరి విత్తనమంతా అక్కడే పోసి పెంచి, ఇంటింటికీ కట్టలు పంచుతారు. ఈ ఏడు మొలక బాగా వచ్చిందట. బాబాయ్ మళ్ళీ ఉప్పు సంగతి ఎత్తలేదు. నన్ను చూసి ఎప్పట్లాగే తలూపాడు. రీడింగు నూట నాలుగు. మేస్త్రి నూట అయిదు. పచ్చ దీపం.

పౌర్ణమి

రాజ్యం అత్త నారు కట్ట పట్టుకుని కాలేజీకి వచ్చింది. కొసలు మాడి, తెల్లగా, ఎండుగడ్డిలా ఉన్నాయి. ఆవిడ గొంతెత్తలేదు. కట్ట మేడం బల్ల మీద పెట్టి, "ఇది నలభై ఇళ్ళ ఆకమ్మా. మూడొంతుల్లో ఒక వొంతు పోయింది. మిగిలింది పోకుండా చూడండి," అంది.

మేడం కాలువ నీళ్ళు తెప్పించి మా క్లాసు చేతే పరీక్ష చేయించారు. కడ్డీ ముంచి మీటరు చూసే వంతు నాకే వచ్చింది. ఉండాల్సిన దానికి నాలుగు రెట్లు ఉప్పు. మూడుసార్లు చూశాను, మూడుసార్లూ అంతే. ఈ ఏడాదిలో నా కంటితో చూసి, ఉన్నది ఉన్నట్టు రాసిన మొదటి అంకె అది.

సాయంత్రం జావ వడ్డించుకుంటుంటే ఎవరో అడిగారు, నాలుగో లాకు ఎవరిదని. నాదన్నాను. అయితే నీ లాకు బాగానే ఉంది కదా, రోజూ పచ్చ దీపమే కదా అన్నారు. అవునన్నాను. గిన్నెలో జావ అలాగే ఉండిపోయింది. చివరికి పారేయడానికి సిగ్గేసి తాగాను. ఈ జావ అయ్యేది ఆ నారే కదా.

బహుళ విదియ

నీళ్ళు ఎలా వచ్చాయో ఊరు తేల్చేసుకుంది. ఎనిమిదేళ్ళ కింద ఒకటో లాకు లస్కరు పోటు సమయంలో చేతిచక్రం తిప్పి, తలుపు కాస్త ఎత్తి, రొయ్యలను లోపలికి రానిచ్చేవాడట. దొరికాక అతన్ని బయటి పడవలకు పంపేశారు. పడవల మీదికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ కట్ట ఎక్కరు. వాళ్ళకు నీళ్ళు తాడు కట్టి దించుతారు.

ఇప్పుడు దేవదానం బాబాయ్ కూడా అదే చేసి ఉంటాడంటున్నారు. కమిటీ వాళ్ళు వచ్చి చేతిచక్రం తాళంచెవి ఆయన దగ్గర తీసుకున్నారు. ఆయన మొలతాడు నుంచి దాన్ని విప్పడానికి చాలాసేపు పట్టింది, ముడి బిగుసుకుపోయింది. నేను మూత మీద నుంచి టీ గ్లాసులు తీసేసి, ఏదో పనున్నట్టు గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాను.

అష్టమి నాడు విచారణ. సాక్ష్యం నా రికార్డు. మేస్త్రి అంకె, మనిషి అంకె రెండూ కలిశాయి కాబట్టి మట్టంలో తప్పు లేదు, తలుపు టైముకే దిగింది, కనుక ఎవరో చేత్తో ఎత్తి ఉండాలి. ఇదీ వాళ్ళ లెక్క. లెక్కలో తప్పేమీ లేదు, నా అంకెలు తప్ప.

బహుళ చవితి

దిగాను.

పది గంటలకు, పోటు ఎక్కుతుండగా, లైటు పట్టుకుని దిగాను. ముప్పయ్యో మెట్టు తర్వాత మెట్ల మీద అడుగుజాడ అన్నది లేదు. నాచు మందంగా, చాపలా పరుచుకుని ఉంది. కాలు పెట్టిన చోటల్లా నా పాదం ముద్ర పడింది. ఈ మెట్ల మీద ఇన్నేళ్ళకు పడిన మొదటి పాదం నాదేనని అర్థమయ్యేసరికి అక్కడే కూర్చుండిపోయాను. అంటే నేనొక్కదాన్నే కాదు. రఫీ దిగలేదు. రఫీకి నేర్పినవాళ్ళు దిగలేదు. ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పుడు ఇంకా సిగ్గుగా ఉంది.

కింద గేజి పలక ఉంది కానీ అంకెలు లేవు. ఎనభై నుంచి నూట యాభై దాకా ఆల్చిప్పలు పట్టేశాయి. పక్కనే సెన్సరు పెట్టిన నిలువు గొట్టం. గొట్టం అడుగున నీళ్ళు లోపలికి వెళ్ళడానికి అరచేయంత కన్నం ఉండాలి. దానికీ ఆల్చిప్పలే, మధ్యలో బురద. నా చిటికెన వేలు కూడా దూరలేదు. బయట సముద్రం గబగబా ఎక్కుతుంటే గొట్టంలోకి నీళ్ళు చుక్కచుక్కగా వెళ్తున్నాయి. పాపం మేస్త్రి గొట్టంలో ఏముందో అదే చూస్తున్నాడు. ఇది రెండో సంవత్సరం మూడో పాఠం. పరీక్షలో పదికి పది వచ్చాయి నాకు.

వెంట తెచ్చుకున్న స్క్రూడ్రైవరుతో పలక గీకాను. రెండు వేళ్ళు తెగాయి. 10.25కు మట్టం నూట పన్నెండు. పైకి పరిగెత్తి తెర చూస్తే, 10.25కు మేస్త్రి లెక్క తొంభై ఎనిమిది. పద్నాలుగు సెంటీమీటర్ల తేడా. మేస్త్రి నూట ఇరవై అనుకుని తలుపు దించేసరికి బయట నూట ముప్పై నాలుగు ఉంటుంది. ఆ మధ్యలో రోజూ ఇరవై నిమిషాల సేపు సముద్రం కాలువలోకి నడిచి వస్తోంది. ఉప్పునీళ్ళు బరువు కాబట్టి అడుగునుంచి వస్తుంది, పైన చూసేవాళ్ళకు ఏమీ కనిపించదు. నోట్లో పోసుకుని చూసిన మనిషికే తెలుస్తుంది.

ఇప్పుడు ఎవరూ చదవని ఈ పేజీలో రాస్తున్నాను. నూట పన్నెండు వేస్తే గంట మోగుతుంది. అందరూ వస్తారు. మెట్ల మీద నాచులో ఒకే ఒక్క జత పాదముద్రలు చూస్తారు. పెన్ను ముందు పేజీ మీద పెట్టాను. తొంభై తొమ్మిది అని రాశాను. పచ్చ దీపం వెలిగింది.

తెలియక రాసిన అంకెలు నూటికి పైగా ఉన్నాయి. తెలిసి రాసింది ఇదొక్కటి.

బహుళ షష్ఠి

తెగిన వేళ్ళు చూసి రఫీకి అర్థమైపోయింది. దిగావా అని అడిగాడు. దిగానన్నాను. లాబ్ తలుపు దగ్గరికి వేసి చాలాసేపు మాట్లాడాడు. గొట్టాన్ని తనే ఎల్లుండి గుట్టుగా శుభ్రం చేస్తాడట, ఉప్పు ఆగిపోతుంది, ఊరు మర్చిపోతుంది. దేవదానం సంగతేమిటని అడిగాను. అతను అది దాటేశాడు.

"నీ ఒక్కదానితో పోదు హైమా. ఇరవై రెండు లాకులున్నాయి, ఇరవై రెండు పుస్తకాలు. నా సర్టిఫికెట్టు, మన బాచ్ అందరిదీ, మేడం సంతకాలు. ఆలోచించుకో."

తర్వాత మేడం గదికి వెళ్ళాను. ఈ రోజు పేజీ ఆవిడ ముందు పెట్టి, మేడమ్, ఒకసారి మీరు కూడా కింద చూస్తే బాగుంటుందేమో అన్నాను. అంతకన్నా సూటిగా చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ పేజీ చూడకుండానే సంతకం పెట్టారు. పెన్ను ఎత్తాక నా చేతి కట్టు చూశారు, తర్వాత నా ముఖం చూశారు. విచారణకు ఇస్త్రీ బట్టలు వేసుకు రమ్మన్నారు. ఆవిడకు తెలుసని నాకనిపించింది. అలా అనిపిస్తే నా తప్పు తేలికవుతుంది కాబట్టి అనిపించిందేమో కూడా తెలియదు.

లాకు దగ్గర బాబాయ్ లేడు. ఆయన స్టవ్వు, టీ గిన్నె మాత్రం ఉన్నాయి.

బహుళ త్రయోదశి

పుస్తకం ఇవాళే తిరిగి వచ్చింది. వెనక పేజీలకు కూడా కమిటీ ముద్ర పడింది. ఎందుకో రాస్తాను.

అష్టమి విచారణ కాలేజీ హాల్లోనే జరిగింది. అధ్యక్షురాలు అచ్చియ్యమ్మగారు మధ్యలో, మేడం ఒక పక్కన. రాజ్యం అత్త మడి బురద కాళ్ళతోనే వచ్చింది. దేవదానం బాబాయ్‌కి కుర్చీ వేశారు కానీ ఆయన కర్ర మీద ఆనుకుని నిలబడే ఉన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చాడు. నేను ఇస్త్రీ బట్టలు వేసుకున్నాను.

నెలరోజుల రీడింగులు చదవమన్నారు. చదివాను. మేస్త్రిది తొంభై ఆరు, నాది తొంభై ఏడు. మేస్త్రిది నూట మూడు, నాది నూట ఒకటి. నా గొంతు స్పష్టంగానే వచ్చింది. ఒకటి ఎక్కువ, రెండు తక్కువ, ఎంత సహజంగా ఉన్నాయో. మేడం సంతకాలు పద్దెనిమిది, ఎక్కడా కొట్టివేత లేదు. వినేవాళ్ళు తలలూపుతున్నారు.

అచ్చియ్యమ్మగారు బాబాయ్ వైపు తిరిగారు. "మట్టం తప్పలేదు. మరి ఉప్పెలా వచ్చింది దేవదానం?"

"నాకు తెలవదండి. చక్రం ముట్టుకోలేదండి. ఉప్పగా తగుల్తందని ముందు ఈ అమ్మాయికే చెప్పాను." ఆయన నాకేసి చూశాడు. నన్ను ఇరికించడానికి కాదు, సాక్ష్యానికి పిలిచినట్టు. "ఆ పిల్ల రోజూ డెబ్బై రెండు మెట్లు దిగి చూసొస్తదండి. చిన్నపిల్ల, నాలాగా కుంటిది కాదు. ఆ పిల్ల సరిగ్గా ఉందంటే సరిగ్గానే ఉంటది. దాని అంకెల్ని నేను కాదనను. తప్పు ఇంకెక్కడో ఉంది, అదేంటో నాకు తెలీట్లేదు."

ఆయన్ని పడవల మీదికి పంపేది ఆ అంకెలే. వాటినే ఆయన వెనకేసుకొచ్చాడు. ఏదో గొప్ప ధైర్యం వచ్చి మాట్లాడానని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. ఆయన ఇంకొక్క మాట నా గురించి మంచిగా అంటే భరించలేననిపించింది, అంతే.

"పుస్తకం తిరగేసి, వెనక నుంచి చదువుతానండి," అన్నాను.

మొదటి వాక్యం నుంచి చదివాను. మర్యాద, చివరి పేజీలు, రేకు మూత, టీ గ్లాసులు. రఫీ పేరు వచ్చినచోట అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. దాటేద్దామనిపించింది, దాటలేదు. "టీ మాత్రం తాగాను. అల్లం బాగా దంచి వేశాడు" అని చదివేసరికి దేవదానం బాబాయ్ కర్ర తీసుకుని బయటికి నడిచాడు. తలుపు చేరేదాకా ఆ కర్ర చప్పుడు హాలంతా వినిపించింది. తొంభై తొమ్మిది సంగతి ఆయన వినలేదు. తర్వాత ఎవరైనా చెప్పే ఉంటారు.

చదవడం అయ్యాక రాజ్యం అత్త ఒక్కటే అడిగింది. "పౌర్ణమి నాడు ఆకు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు నువ్వక్కడే ఉన్నావు కదా?"

ఉన్నానన్నాను.

ఆషాఢ శుద్ధ విదియ

ఇరవై రెండు లాకుల మెట్లూ చూశారు. అడుగుజాడలున్నవి మూడింటికే. మిగతా గొట్టాలన్నీ ఇప్పుడు మా బాచే శుభ్రం చేస్తోంది, ఉలీ సుత్తీ పట్టుకుని. ఇంకో రెండు లాకుల దగ్గర కూడా సెన్సరు తప్పు చూపిస్తోందట. ఎవరి సర్టిఫికెట్టూ ఈ ఏడు రాదు. రఫీని లాబ్ నుంచి తీసేశారు. మేడం తన సంతకాలన్నీ చూడకుండా పెట్టినవేనని రాసిచ్చి, సెలవు పెట్టారు. మా బాచ్ వాళ్ళు నాతో మాట్లాడడం మానేశారు. వాళ్ళలో కొందరు నేను బయటపెట్టినందుకు మానేశారు, కొందరు ముందే బయటపెట్టనందుకు. ఎవరు ఏ రకమో కనుక్కోవడం మానేశాను.

నారు సగం పైగా పోయింది. మిగిలింది ఇళ్ళకు పంచితే నలభై ఇళ్ళలో పదిహేడు ఇళ్ళకే సరిపోయింది. అందుకని ఈ ఏడు కోతలయ్యేదాకా ఊరంతా ఒకపూట జావ మానేయాలని తీర్మానం చేశారు. మెస్సులో ఆ తీర్మానం చదివి గోడకు అంటించమని నాకే ఇచ్చారు. శిక్షగా ఇచ్చారో, జిగురు గిన్నె దగ్గర నేనున్నాననో తెలియదు. కాగితం వంకర లేకుండా అంటించాను.

దేవదానం బాబాయ్‌కి తాళంచెవి తిరిగి ఇచ్చారు. నాకు ఇంకో ఏడాది అదే లాకు. ఇక మీదట ప్రతి రీడింగు పక్కన లస్కరు సంతకం కూడా ఉండాలి.

క్షమించమని అడగడానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి తలుపుకు గ్రీజు పెడుతున్నాడు, పెడుతూనే ఉన్నాడు. రెండోసారి నేను అడిగాను. ఆయన విని, పాటు టైమవుతోంది వెళ్ళమన్నాడు. స్టవ్వు మీద ఒక్క గ్లాసు టీయే ఉంది.

ఆషాఢ శుద్ధ సప్తమి

ఈ అయిదు రోజులూ నేను కింద చూసి వచ్చి అంకె చెప్తే, ఆయన వినేవాడు కానీ సంతకం పెట్టేవాడు కాదు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది. ఇవాళ పోటు ఎక్కే వేళకు నేను మెట్ల తలుపు తీస్తుంటే వెనక కర్ర చప్పుడైంది.

"నేనూ వస్తాను," అన్నాడు.

"వద్దు బాబాయ్. నీ మోకాలు... పైనే పెట్టొచ్చు సంతకం. నేను చూసే చెప్తాను, ఒట్టు."

"చూడకుండా పెట్టిన సంతకాలు చాలినన్ని అయినియ్యి."

కర్ర గోడకు ఆనించి, మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ ఆనించి, కుడికాలు ముందుకు చాచి, ఒక మెట్టు కిందికి జరిగాడు. మళ్ళీ ఒకటి. డెబ్బై రెండు మెట్లూ అలాగే కూర్చుని దిగాడు. నేను ముందు లైటు పట్టుకుని నడిచాను. నాచంతా గీకేశాం కాబట్టి జారలేదు. ముప్పయ్యో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు. నేను ఆ మొదటిరోజు వెనక్కి తిరిగిన మెట్టు అదే. ఆయనకు ఆ సంగతి తెలుసు, హాల్లో చదివాను కదా. నలభై నిమిషాలు పట్టింది దిగడానికి.

పలక శుభ్రంగా ఉంది. నేను చూసి తొంభై ఏడు అన్నాను. ఆయన ముందుకు వంగి, కళ్ళు చిట్లించి చూశాడు.

"నాకు తొంభై ఎనిమిది కనపడతంది."

ఒక్క సెంటీమీటరు. ఇన్నాళ్ళూ నా అంకెలు నిజమైనవిగా కనిపించడానికి నేను ఊహించి కలిపిన తేడా. ఔను, తొంభై ఎనిమిదే అనేద్దామని నోటిదాకా వచ్చింది. ఆయన్ని మంచి చేసుకోవాలనిపించింది, ఇంకేం లేదు.

"నాకు తొంభై ఏడే, బాబాయ్."

ఆయన తల తిప్పి చూశాడు. విచారణ తర్వాత నా ముఖం చూడడం అదే మొదటిసారి. ఆ చూపులో ఏముందో రాయను, మళ్ళీ నాకు నచ్చినట్టు వేసుకుంటానేమో. "అల ఊగతంది. ఆగు, నిలబడనీ," అన్నాడు.

మెట్టు మీద ఇద్దరం ఎడంగా కూర్చుని నీళ్ళు నిలబడేదాకా చూశాం. నిలబడ్డాక మళ్ళీ చూశాం. అప్పటికి పోటు ఇంకాస్త ఎక్కింది. 11.50కి ఇద్దరికీ నూట ఒకటి. రాస్తుంటే పేజీ మీద నీటి చుక్కలు పడ్డాయి, ఒక అంకె అలుక్కుపోతే కొట్టేసి పక్కన రాశాను. ఆయన పెన్ను తీసుకుని, నేను రాసిన ముందటి గళ్ళన్నీ ఖాళీగానే వదిలేసి, ఇవాళ్టి గడిలో మాత్రం సంతకం పెట్టాడు.

ఎక్కడానికి గంట పట్టింది. వెనకనుంచి మెట్టుమెట్టుకూ ఆయన పళ్ళు బిగపట్టడం వినిపిస్తూనే ఉంది. యాభయ్యో మెట్టు దగ్గర చెయ్యి ఇచ్చాను, అందుకోలేదు. పైకొచ్చాక గోడకు ఆనుకుని, మోకాలు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తెర మీది రేకు మూత సరిగ్గా ఉందో లేదో చూసి, సాయంత్రం పాటు ఎన్నింటికని అడిగాడు.

అయిదుంపావుకని చెప్పాను. అప్పుడూ దిగుతానన్నాడు.